ఒక మనిషి వెడల్పు చోటు

హైమవతి కుడిచెయ్యి హైమవతి దగ్గర ఉండదు. తణుకులోనే, సజ్జాపురంలో, అన్నయ్య పేర్రాజు ఇంటి హాల్లో, గోడకి తగిలించిన ఫోటోలో ఉంటుంది. ఆ ఫోటోలో వదిన సత్యవేణి ఎడమ భుజం మీద ఆ చెయ్యి గాజులతో సహా ఇన్నేళ్ళుగా అలాగే వేసి ఉంది. మణికట్టుకి ఇవతలిదంతా హైమవతిది, అవతలిది ఆ ఇంటిది.

చెయ్యి అక్కడున్నా దాని కబుర్లు ఇక్కడికి అందుతూనే ఉంటాయి. సత్యవేణి పాతచీర పీలికని తడిపి అద్దం తుడిస్తే హైమవతికి వేళ్ళు చల్లబడతాయి. బల్లి పాకితే చక్కిలిగిలి పుడుతుంది. వెల్ల వేయించడానికి ఫోటో దింపి మంచం కింద పెట్టినప్పుడు మాత్రం చెయ్యి బొద్దింకల మధ్య ఉందని తెలిసిపోయి, మళ్ళీ గోడకెక్కేదాకా ఆవిడకి అన్నం సయించదు.

ఒక్క సౌకర్యం ఉంది. నొక్కొచ్చు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక హైమవతి గోడకి చేరగిలబడి, తన దగ్గర లేని వేళ్ళని మెల్లగా బిగిస్తుంది. సజ్జాపురంలో సత్యవేణి "అమ్మో" అని ఎడమ భుజం పట్టుకుంటుంది. ఆ నొప్పికి వాడని తైలం లేదు, చూపించని డాక్టరు లేడు. ఎముక రాయిలా ఉందమ్మా అంటారు వాళ్ళు. రాయిలాగే ఉంటుంది మరి, నొప్పి ఎముకది కాదు కదా.

ఆ చెయ్యి అల్లాటప్పా చెయ్యి కాదు. గున్నేశ్వరరావు గారి ఫోటో స్టూడియోలో టచప్ పనంతా దాని మీదే నడిచేది. ఫోటోలో కళ్ళు మూసుకున్నవాళ్ళకి సన్నపెన్సిలుతో కళ్ళు తెరిపించేది. మనిషి పోయాక ఆఖరిసారిగా తీయించిన ఫోటో పట్టుకొచ్చి, "మా నాన్నది ఇదొక్కటేనమ్మా" అని ఏడిస్తే, ఆ మూసిన రెప్పల మీద హైమవతి కళ్ళు వేసేది. అవి ఎంత నిజంగా ఉండేవంటే, ఫోటో గోడకెక్కాక ఇంట్లో ఆడవాళ్ళు దాని ముందు తల దువ్వుకోవడానికి సిగ్గుపడేవాళ్ళు.

అలా ఉండగా పేర్రాజు ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. పాలు పొంగించడం ఆడపడుచు పని. హైమవతి కొత్తచీర కట్టుకుని, హాల్లోనే ఓ మూల పెట్టిన పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో పాలు పెట్టింది. పాలు అంచుదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే గున్నేశ్వరరావు గారు కెమెరా మీది నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "ముగ్గురూ ఓసారిలా నిలబడండమ్మా" అన్నారు. హైమవతి పొయ్యి ముందునుంచి లేచి, వదిన పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. ప్రేమగానే వేసింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరైనా గుర్తుచేస్తే ఆవిడకి కోపం వస్తుంది.

ఆ ఫోటోలో పేర్రాజు కళ్ళు మూసుకున్నాడు. కెమెరా టప్పుమంటే కళ్ళు మూసుకోవడం అతనికి చిన్నప్పటినుంచీ ఉన్నదే. హైమవతి రెండు పూటలు కూర్చుని వాటిని తెరిపించింది. ఆ తెరిపించిన కళ్ళతోనే అతను ఫోటో చూసుకుని, అందులో ముగ్గురున్నారని కనిపెట్టాడు.

ముగ్గురు కలిసి ఫోటో దిగితే మధ్యవాళ్ళు మిగలరని ఎవరో చెవిలో ఊదారు. మధ్యలో ఉన్నది సత్యవేణి. పక్కింటి ముసలమ్మని పిలిచి నిలబెట్టి మళ్ళీ తీయించుకుంటే నలుగురయ్యేవాళ్ళు, గొడవ వదిలేది. అంత దూరం ఆలోచిస్తే అతను పేర్రాజెందుకవుతాడు? స్టూడియోకి వచ్చి, "హైమా, నీ బ్లేడోసారి ఇయ్యమ్మా" అన్నాడు. ఆవిడ ఇచ్చింది. ఆవిడ బల్ల మీదే, ఆవిడ కళ్ళముందే, ఫోటోలోంచి ఆవిణ్ణి నిలువునా కోసేశాడు.

"అదేంటన్నయ్యా?" అంది హైమవతి.

"నువ్వెలాగూ చివరున్నావు కదమ్మా," అన్నాడు పేర్రాజు.

చెయ్యి మాత్రం కొయ్యడానికి వీల్లేకపోయింది. కోస్తే దాని కిందున్న సత్యవేణి భుజం పోతుంది. అందుకని దాన్ని ఉంచుకున్నాడు. బ్లేడు తుడిచి తిరిగి ఇవ్వబోతే హైమవతి కుడిచెయ్యి చాపింది. చాపడానికి చెయ్యి లేదు. ఎడంచేత్తో తీసుకుంది.

గృహప్రవేశం రోజున పాలు పొంగనే లేదు. ఆ తర్వాత కూడా ఆ ఇంట్లో పాలు పొంగవు. అంచుదాకా వచ్చి ఆగిపోతాయి. పాలు పొంగని ఇల్లు కనక పేర్రాజు, సత్యవేణి అందులోకి ఇంకా పూర్తిగా ప్రవేశించలేదు. స్లాబు ఇల్లే అయినా, వానొస్తే హాల్లో గొడుగు వేసుకుని కూర్చుంటారు.

గున్నేశ్వరరావు గారు కూడా సంగతి తెలిశాక నల్లగుడ్డలో తల దూర్చుకున్నారు, మళ్ళీ బయటికి రాలేదు. ఆయనకి కాఫీ లోపలికే అందిస్తారు.

ఎడంచేత్తో కళ్ళు వేస్తే మెల్లకన్ను వస్తోంది కనక స్టూడియోలో హైమవతి పని మారింది. పరదాల ముందు నిలబడి ఫోటో దిగడానికి ఇప్పుడెవరికీ మనసు పోవడం లేదు, అందరికీ బయట కావాలి. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆవిడ ఎంచుతుంది. చోట్లు పొద్దున్నే వచ్చి స్టూడియో వరండాలో బెంచీ మీద కూర్చుంటాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడుతుంది.

కాలువగట్టు వచ్చిందంటే వరండా అంతా తడి. కాళ్ళు తుడుచుకుని రమ్మని రోజూ చెప్పాలి. రైలు ప్లాట్‌ఫారం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, వచ్చి అసౌకర్యానికి చింతిస్తున్నానని ముచ్చటగా మూడు భాషల్లో చెబుతుంది. చెరుకుతోటకి గుసగుసలాడకుండా కూర్చోవడం చేతకాదు. రైసుమిల్లు వెనకగోడ ఒక్కతే మర్యాదస్తురాలు, పిలిచేదాకా నోరు విప్పదు.

"వెలుగు నీకు ఏ పక్కన పడుతుంది?" అని అడుగుతుంది హైమవతి.

"ఎడం పక్కనండి."

"మనిషిని నిలబెడితే వెనకనుంచి ముందుకి తోసుకొస్తావా?"

"లేదండి. సర్దుకుని ఉంటాను."

ఈ పూట పేర్రాజు వస్తాడు. జరీ అంచు పంచె, భుజాన కండువా, కండువా మీద సెంటు. ఇద్దరూ మాట్లాడుకుని ఏళ్ళు గడిచాయి. అతను మాత్రం నిన్న సాయంత్రమే వెళ్ళి మళ్ళీ వచ్చినవాడిలా స్టూలు లాక్కుని కూర్చుంటాడు.

"బాగున్నావా హైమా? నాకు షష్టిపూర్తమ్మా. ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన నిలువెత్తు ఫోటో పెట్టిస్తున్నాను. నేనొక్కణ్ణే. మంచి చోటు చూడు."

"వదినో?"

"మీ వదినకి భుజం నెప్పి, నిలబడలేదు. అదలా ఉంచు. నా పక్కన ఎవరూ ఉండకూడదు, ఎవరి జాడా ఉండకూడదు. ఇంతకుముందు ఎవరూ నిలబడని చోటు కావాలి నాకు."

"నా చెయ్యి నాకిచ్చెయ్యన్నయ్యా. చూస్తాను."

"అదెలా కుదురుద్దే? అది మా ఫోటోలోది. తీసేస్తే మీ వదిన భుజం మీద చిల్లు పడిపోద్ది. అయినా దానికేం తక్కువ చేశాం? అద్దం వేయించాం. ఫ్యాను కిందుంది."

"దానికి కాదు. నాకు."

"నువ్వు వేరూ అది వేరూ అనుకుంటే, అది నీదెలాగవుద్ది?" అంటాడు పేర్రాజు, చాలా సౌమ్యంగా.

హైమవతికి ఒళ్ళు మండిపోతుంది. పళ్ళు పటపట కొరుకుతుంది. అక్కడికక్కడ అతని పీక నొక్కేయాలని ఉంది, కానీ పీక నొక్కడానికి రెండు చేతులు కావాలి. అందుకని ఉన్నదే నొక్కుతుంది. సజ్జాపురంలో సత్యవేణి పెట్టిన కేక స్టూడియో గుమ్మందాకా వినిపిస్తుంది.

"లేచినట్టుంది నెప్పి," అంటాడు పేర్రాజు చెవి రిక్కించి. "అలా అప్పుడప్పుడు లేస్తుంటది. నువ్వు చోటు సంగతి చూడమ్మా."

హైమవతి వరండాలోకి తీసుకెళ్ళి బెంచీ చూపిస్తుంది. పేర్రాజు చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషిలా ఒక్కొక్కదాన్నే పరికిస్తాడు. కాలువగట్టుని చూసి, "దీని మీద ఊళ్ళో బట్టలన్నీ ఉతికారు," అంటాడు. కాలువగట్టు తల దించుకుంటుంది. ప్లాట్‌ఫారాన్ని చూడను కూడా చూడడు. చెరుకుతోట ముందు ఆగి, "ఇందులో ఎవరో ఉన్నారు," అంటాడు.

"ఎవరూ లేరన్నయ్యా. గాలి."

"గాలి కూడా ఒద్దు."

రైసుమిల్లు గోడకి ఒక మేకు ఉంది. ఆ మేకుకి ఎవరో ఎప్పుడో చొక్కా తగిలించి ఉంటారు కదా అని దాన్ని కూడా కాదంటాడు. గోడ లేచి, అటు తిరిగి, మెట్లు దిగి వెళ్ళిపోతుంది. అంత మర్యాదస్తురాల్ని చిన్నబుచ్చినందుకు హైమవతికి మరింత మండుతుంది.

ఇక చోట్లు అయిపోయాయి అనబోతూ ఉండగా, బెంచీ చివర, బెంచీ కూడా అయిపోయిన తర్వాత, ఇంకొకటి నిలబడి ఉండటం ఆవిడ కంటబడుతుంది. చాలా సన్నటి చోటు. ఒక మనిషి వెడల్పు, అంతకంటే వేలెడు ఎక్కువ లేదు. వెనక కొత్తగా వెల్ల వేసిన గోడముక్క. పైన మామిడాకుల తోరణంలో సగం. కింద మూలగా ఒక పొయ్యి, పొయ్యి మీద ఇత్తడి గిన్నె, గిన్నెలో పాలు. పాలు అంచుదాకా వచ్చి ఆగి ఉన్నాయి.

"నువ్వెప్పుడొచ్చావు?" అంటుంది హైమవతి.

"రోజూ వస్తున్నానండి. బెంచీ మీద జాగా ఉండదు. చివరున్నదాన్ని కనక ఎవరూ పిలవరు."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?"

"కోసి పారేశాక మీ బల్ల సొరుగు వెనక పడ్డానండి. చీకట్లో ఏమీ తెలియలేదు. పాలు మాత్రం పొంగనివ్వలేదు. మీరు మళ్ళీ వచ్చి చూసుకుంటారని."

హైమవతి ఎడంచెయ్యి చాపి గోడముక్కని ముట్టుకుంటుంది. వేళ్ళకి వెల్ల అంటుతుంది, ఇంకా తడి ఆరలేదు. ఆవిడకి ఏడుపు వస్తుంది. ఏడవదు. ఏడిస్తే కసి పల్చబడుతుందని భయం. ఇన్నేళ్ళు కాచుకున్నదాన్ని గుమ్మంలో ఒలకబోసుకుంటుందా? కళ్ళు తుడుచుకుని, మొహం మీదికి నవ్వు తెచ్చుకుని, అన్నయ్య వైపు తిరుగుతుంది.

"ఇదిగో. నువ్వడిగిన చోటు."

పేర్రాజు దాన్ని ఎగాదిగా చూస్తాడు. "శుభ్రంగానే ఉంది. ఇక్కడ ఎవరైనా నిలబడ్డారా?"

"ఒక మనిషి నిలబడింది. ఆవిడ లెక్కలోకి రాదు."

"ఎంచేత?"

"చివరుంది."

"అయితే పర్లేదు," అంటాడు పేర్రాజు.

పక్కగా తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, ముందు కండువాని పంపి తర్వాత తను దూరతాడు. గోడముక్కకీ అంచుకీ మధ్య ఊపిరి తీసుకోవడానికి చోటు మిగలదు. "కొంచెం ఇరుగ్గా ఉందేంటి?" అంటాడు.

"కొలత నీదేనన్నయ్యా. నువ్వు తీసిందే."

అతను ఆ మాట చెవిన వేసుకోడు, పంచె కుచ్చిళ్ళు సర్దుకునే పనిలో ఉన్నాడు. లోపల నల్లగుడ్డ కదులుతుంది. ఆ వెనకే గున్నేశ్వరరావు గారు కెమెరాతో సహా వరండాలోకి వస్తారు. "సిద్ధమేనా హైమవతీ?" అంటారు గుడ్డలోంచి. "ఎప్పటినుంచో సిద్ధమేనండి," అంటుంది ఆవిడ.

కెమెరా టప్పుమంటుంది. పేర్రాజు కళ్ళు మూసుకుంటాడు.

"అయిపోయిందా? హైమా, కళ్ళు తెరుచుకోవట్లేదే."

"ఫోటో పడిపోయింది కదన్నయ్యా. ఎలా పడితే అలాగే."

"మరి తెరిపించు."

"చెయ్యేది?"

అంతలో ఆ సన్నటి చోటు కదులుతుంది. దాని పని అయిపోయింది, ఇంటికి పోవాలని ఉంది. పేర్రాజుని లోపల పెట్టుకుని, పాలు తొణక్కుండా, మెట్లు దిగి సజ్జాపురం దారి పడుతుంది. హైమవతి సొరుగులోంచి బ్లేడు తీసి కొంగున కట్టుకుని దాని వెనకే నడుస్తుంది. సెంటర్లో జనం పక్కకి తప్పుకుంటారు. కళ్ళు మూసుకుని, గోడముక్కని వీపున పెట్టుకుని వెళ్తున్న పేర్రాజుకి ఎవరో నమస్కారం పెడతారు. అతను చూసుకోడు. పెట్టినాయన, షష్టిపూర్తి అనేసరికి మనిషికి గర్వం వచ్చేసిందని గొణుక్కుంటాడు.

సత్యవేణి తలుపు తీస్తుంది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చెయ్యి ఎడమ భుజం మీద. జుట్టంతా తెల్లబడింది. హైమవతిని చూసి ఆశ్చర్యపోదు, లోపలికి రమ్మని తలుపు వారకి తప్పుకుంటుంది. "ఇన్నాళ్ళూ నొక్కుతున్నది నువ్వేనని నాకు తెలుసే హైమా," అంటుంది.

"తెలిసీ ఊరుకున్నావా వదినా?"

"ఈ ఇంట్లో నా భుజం మీద చెయ్యేసేవాళ్ళు ఇంకెవరున్నారు? నెప్పైతేనేం, చెయ్యేగా."

హైమవతికి ఈ మాట సుతరామూ నచ్చదు. పగ పట్టి వచ్చినవాళ్ళతో గుమ్మంలోనే ఇలాంటివి మాట్లాడటం ఏం పద్ధతి? విననట్టే మొహం పెట్టుకుని హాల్లోకి నడుస్తుంది.

ఆ సన్నటి చోటు అప్పటికే గోడ దగ్గరికి చేరింది. ఫోటోని చూడగానే చిన్నదైపోతుంది. అద్దం లోపలికి దూరి, కోసిన అంచుకి కోసిన అంచు ఆనించి, కుదురుకుంటుంది. తోరణంలో సగం తోరణంలో సగంతో కలుస్తుంది. ఇప్పుడా ఫోటోలో ఆ చివర నల్లజుట్టు పేర్రాజు, మధ్యన కొత్తచీర సత్యవేణి, ఈ చివర నెరిసిన మీసాల పేర్రాజు. హైమవతి చేతి మణికట్టు పోయి పోయి అతని మోచేతికి అతుక్కుంటుంది.

"ఎవరిదీ గాజుల చెయ్యి?" అని అరుస్తాడు పేర్రాజు ఫోటోలోంచి. "నన్నెక్కడికి తీసుకొచ్చారు? ఎవరున్నారిక్కడ?"

"మనింటికే అన్నయ్యా. హాల్లో, ఫోటోలో ఉన్నావు. ముగ్గురయ్యారు."

"ముగ్గురా!" పేర్రాజు గొంతు సన్నబడుతుంది. "మధ్యలో ఎవరు?"

"నేనండి," అంటుంది సత్యవేణి, గోడ ముందు గొడుగు పట్టుకుని.

"అయితే చూస్తావేంటే? ప్రాణం మీదికొస్తది! చివరున్నవాళ్ళని కోసెయ్. ఈ పక్క, ఇటు గాజులున్న పక్క!"

"చివరెవరున్నారో చూడకుండానా అండీ?"

"ఎవరైతే మనకేంటి? ఎలాగూ చివరే కదా!"

సత్యవేణి హైమవతి వైపు చూస్తుంది. హైమవతి కొంగు ముడి విప్పి బ్లేడు చాపుతుంది. ఈ మాట ఇదే నోటితో ఇంకోసారి వినాలని ఆవిడ ఎన్ని మధ్యాహ్నాలు గోడకి చేరగిలబడి కోరుకుందో ఆవిడకే తెలుసు. వింటుంటే ఎండాకాలం కుండలో నీళ్ళు తాగినట్టుంది.

సత్యవేణి గొడుగు ముడిచి మూల పెడుతుంది. ఫోటో దింపుతుంది, అద్దం తీస్తుంది. ముందు తన భుజం మీద ఉన్న వేళ్ళని బొటనవేలి కొసతో ఒక్కొక్కటే లేవదీస్తుంది, పేపరుకి అంటుకున్న అప్పడాన్ని విరగకుండా తీసినట్టు. ఆఖరి వేలు లేచాక ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత అతని మోచేతి దగ్గర ఒక గాటు పెట్టి, పైనుంచి కిందికి, నిలువునా కోసేస్తుంది.

చెయ్యి జారి హైమవతి కొంగులో పడుతుంది. తియ్యటి వెల్ల వాసన, సబ్బు వాసన. మణికట్టుకి ఆనించగానే అతుక్కుంటుంది. దానికి వయసు రాలేదు. నున్నగా, ఎర్రగా, గృహప్రవేశం నాటి గాజులతో, మడతలు పడిన చేతి చివర వేరే ఇంటి పిల్లలా ఉంది. హైమవతి వేళ్ళు ఆడించి చూసుకుంటుంది. అన్నీ ఆడుతున్నాయి.

"భుజం తేలికైపోయిందే," అని సత్యవేణి కుర్చీలో కూలబడి ఏడుస్తుంది. హైమవతికి ఓదార్చడం గుర్తుకు రాదు. ఆవిడకి ఇంకో పని ఉంది.

కోసిన ముక్క నేల మీద పడి మళ్ళీ మనిషంతవుతుంది, గోడకి జారగిలబడి నిలబడుతుంది. అందులో పేర్రాజు కళ్ళు మూసుకుని తల ఇటూ అటూ తిప్పుతున్నాడు. అలికిడిని బట్టి ఏదో గ్రహించాడు.

"హైమా, చెయ్యొచ్చిందా?"

"వచ్చిందన్నయ్యా."

"అయితే నా కళ్ళు తెరిపించమ్మా. చచ్చినోళ్ళకి, దారినపోయేవాళ్ళకి కూడా వేశావు, తోడబుట్టినోడికి వెయ్యవా?"

"ఎందుకు వెయ్యను? కదలకుండా నిలబడు."

జుట్టుముడిలో దోపుకున్న పెన్సిలు తీస్తుంది. ఎందుకూ పనికిరాకపోయినా రోజూ చెక్కి ముడిలో పెట్టుకోవడం ఆవిడ మానలేదు. అతను కదలకుండా ఎడంచెయ్యి అతని భుజం మీద గట్టిగా ఆనించి, కుడిచేత్తో మొదలుపెడుతుంది. ముందు తెల్లగుడ్డు. తర్వాత నల్లగుడ్డు. నల్లగుడ్డులో ఒక చుక్క వెలుగు. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఇంత అందమైన కళ్ళు ఆవిడ ఇంతకుముందు ఎవరికీ వెయ్యలేదు. చూపుని కెమెరా వైపు కాకుండా కిందికి, పొయ్యి వైపు దించుతుంది. పెన్సిలు మళ్ళీ ముడిలో దోపుకుంటుంది.

"ఏం కనిపిస్తోంది?"

"పాలు," అంటాడు పేర్రాజు. "అంచుదాకా వచ్చాయి. హైమా, పొంగబోతున్నాయి!"

"చూస్తూ ఉన్నంతసేపు పొంగవులే. చూపు తిప్పితేనే పొంగేది."

ఆ మాట వంటింట్లో ఒక్కసారి నిలబడినవాళ్ళకి ఎవరికైనా తెలుసు. పాలు పొంగితే గృహప్రవేశం పూర్తవుతుందని పేర్రాజుకీ తెలుసు. రెప్ప వాల్చడానికి చూస్తాడు. నుదురు ముడిపడుతుంది, బుగ్గలు వణుకుతాయి, నోరు వంకర పోతుంది. పాలు అంచు మీదే ఉన్నాయి.

"రెప్ప పడట్లేదే హైమా!"

"రెప్పలు వెయ్యలేదన్నయ్యా. వదిలేశాను. అవెలాగూ చివరుంటాయి కదా."

పేర్రాజు పాలని చూస్తూ ఉంటాడు, పాలు అతన్ని చూస్తూ ఉంటాయి. హైమవతికి ఇన్నాళ్ళ బరువూ దిగిపోయినట్టు హాయిగా ఉంటుంది. పగ తీర్చుకుంటే మనశ్శాంతి ఉండదని చెప్పేవాళ్ళు పగ సరిగ్గా తీర్చుకోనివాళ్ళై ఉండాలి అనుకుంటుంది.

ఆ సన్నటి చోటు మళ్ళీ కదులుతుంది. ఈ ఇంట్లో ఇక దానికి అంచు కలిసేది లేదు, అలవాటైన వరండాకే పోతుంది. గుమ్మం దాటి, వీధి మలుపు తిరిగిపోయాక, హైమవతి కొంగు సర్దుకోబోతుంది. సర్దడానికి ఎడంచెయ్యి లేదు. అది పేర్రాజు భుజం మీద, పెట్టిన చోటే ఉండి, అతనితో పాటు వెళ్ళిపోయింది. ఈసారి ఎవరూ కొయ్యలేదు. ఆవిడే తియ్యలేదు.

మర్నాటినుంచి చోట్లు ఎప్పటిలాగే వస్తాయి. రైసుమిల్లు గోడ కూడా అలక మాని వస్తుంది. బెంచీ అయిపోయిన చోట పేర్రాజున్న చోటు నిలబడి ఉంటుంది. ఫోటోకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, మనిషున్న చోటు మనకెందుకని ముందుకి పోతారు. ఆ భుజం మీది చెయ్యెవరిదని ఎవరూ అడగరు. మధ్యాహ్నం హైమవతి కుడిచేత్తో తృప్తిగా అన్నం తిని, గోడకి చేరగిలబడి, లేని ఎడమ వేళ్ళని మెల్లగా బిగిస్తుంది. వరండాలో పేర్రాజు "అమ్మో" అంటాడు. ఆ వేళ్ళకి పాల ఆవిరి వెచ్చగా తగులుతుంది.

ఒక పొద్దున కాలువగట్టుకీ చెరుకుతోటకీ మధ్య కొత్తది ఒకటి వచ్చి కూర్చుని ఉంటుంది. చోటు అని చెప్పడానికి వీల్లేనంత చిన్నది. హైమవతి దగ్గరికి వెళ్ళి వంగి చూస్తుంది. అది సత్యవేణి ఎడమ భుజం. భుజం ఒక్కటే, సజ్జాపురం నుంచి నడిచి వచ్చింది. దాని మీద నాలుగు వేళ్ళ గుంటలు ఇంకా పూడలేదు.

"వెలుగు నీకు ఏ పక్కన పడుతుంది?" అని అడుగుతుంది హైమవతి, అలవాటు కొద్దీ.

"వెలుగు ఒద్దే," అంటుంది భుజం. "చెయ్యేదన్నా ఖాళీగా ఉందేమోనని వచ్చాను."

హైమవతి తనకి మిగిలిన ఒక్క చెయ్యి వైపు చూసుకుంటుంది. గాజులు కదలకుండా దాన్ని కొంగులో దాచుకుంటుంది. భుజం మిగతా చోట్లు ఇబ్బంది పడకుండా బెంచీ మీదినుంచి లేచి, మెల్లగా వెళ్ళి, చివర నిలబడుతుంది.